నీళ్ళకు పోయిన పిల్ల

నిన్న, బుధవారం ఉదయం పదిన్నరకు, రాజంపేట పఠనమందిరం బీరువాలోనుంచి ఒక నవల తీశాను. చదవడానికి తీయలేదు. పందొమ్మిదేళ్ళు ప్రూఫులు దిద్దినవాడికి పుస్తకం చేతికి వస్తే చదవడానికి ముందు జరిగిపోయే పని ఒకటుంటుంది. ఎనిమిదేసి పుటల మడతకు ఒకటి చొప్పున అడుగున చిన్న అచ్చుతో వేసే ఫారం సంఖ్యలను బొటనవేలితో తిప్పుతూ సరిచూడడం. ఒకటి, రెండు, మూడు, ఐదు. వేలు ఆగింది. వెనక్కి తిప్పి మళ్ళీ చూశాను. మూడు తరువాత ఐదే. అక్కడనుంచి ఇరవై దాకా వరుస తప్పలేదు. ఇరవయ్యో ఫారం అయిన తరువాత, వెనుక అట్టకు ఆనుకొని, నాలుగో ఫారం ఉంది.

పుస్తకం పట్టుకొని బల్ల దగ్గర కూర్చున్నాను. ఆ నవల ప్రూఫులు దిద్దింది నేనే. ఆ తప్పును పట్టింది కూడా నేనే. నాలుగేళ్ళ కిందట కర్నూలులో, ఇటువంటి ప్రతులన్నిటినీ విప్పించి మళ్ళీ కుట్టించాననీ, ఆ పని పూర్తి అయిందనీ నా దినచర్యలో రాసుకున్నాను. ఆ వాక్యంలో ‘అన్నిటినీ’ అన్న మాట అసత్యమని నిన్న తెలిసింది.

ఆ తప్పు చేసిన మనిషిని గురించి నాలుగు మాటలు రాస్తాను. ఆమె పేరు నాకు తెలుసు. రెండేళ్ళ రెండు నెలల పాటు హాజరు పట్టీలో నా చేత్తోనే రాశాను. ఇక్కడ మాత్రం రాయను. ఎందుకో ఆ చోటు వచ్చినప్పుడు తెలుస్తుంది.

కర్నూలు రాజధానిగా ఉన్న కాలమది. ఊరినిండా డేరాలు, అద్దెగదులు, కొత్తవాళ్ళు, దుమ్ము. నేను మా రాజంపేట వదిలి అక్కడ ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. అంతకుముందు కొన్నాళ్ళు బడిలో పాఠాలు చెప్పినందువల్ల అందరూ ‘అయ్యోరు’ అనేవారు. ప్రెస్సు వెనుక రేకుల చావడిలో ఐదుగురు ఆడవాళ్ళు అచ్చయిన కాగితాలను మడిచి, వరుసగా పేర్చి, దారంతో కుట్టేవారు. ఈమె ఆ ఐదుగురిలో ఒకరు. ఆలూరు పక్కనుంచి వచ్చిందనీ, హుంద్రి ఏటి ఒడ్డున అన్న ఇంట్లో ఉంటున్నదనీ తెలుసు. ఆమె జీవితాన్ని గురించి నాకు తెలిసినవి ఈ రెండే. మూడోది నేను అడగలేదు.

పుస్తకం ఎట్లా పుడుతుందో చదివేవారికి సాధారణంగా తెలియదు కనుక ఒక సంగతి చెప్పాలి. మా ప్రెస్సులో ఒక పెద్ద కాగితం మీద, రెండు వైపులా కలిపి, ఎనిమిది పుటలు అచ్చు వేసేవారు. దాన్ని ఫారం అంటాము. మడవక ముందు పుటలు వరుసలో ఉండవు. ఒక వైపు ఒకటో పుట, ఎనిమిదో పుట పక్కపక్కన నిటారుగా ఉంటాయి. వాటి తలలకు తలలు తగిలించి నాలుగో పుట, ఐదో పుట తలకిందులుగా ఉంటాయి. రెండు, మూడు, ఆరు, ఏడు వెనుకవైపు. కాగితాన్ని రెండుసార్లు మడిస్తేగాని కథ వరుసలోకి రాదు.

ఆమె మడిచేది విరిగిన కొమ్ము దువ్వెనతో. పళ్ళన్నీ పోయి వెన్ను మాత్రం మిగిలిన ముక్క. మిగిలిన నలుగురూ ప్రెస్సువారిచ్చిన వెదురు బద్దతో పనిచేసేవారు. కాగితానికి చేతి చెమట అంటకుండా అరచేతులకు ముగ్గుపిండి రుద్దుకొని, ముందుగా కాగితాన్ని ఒడిలో పరచుకొని, మెడ ఒక పక్కకు వంచి కాసేపు చూసేది. తరువాత ఒక మడత, రెండో మడత, దువ్వెన వెన్నుతో ఒక్క రాపు. ఆ రాపు చప్పుడు వినేది. చప్పుడు నచ్చకపోతే విప్పి మళ్ళీ మడిచేది. ఒకసారి గడియారం ముందు పెట్టుకొని లెక్కించాను. నిమిషానికి తొమ్మిది ఫారాలు. చూస్తూ కూర్చునే కాసేపును అందులో కలపలేదు.

ఒకనాటి మధ్యాహ్నం అడిగాను. “పని ఆపి ఏం చూస్తాండావమ్మా?”

“సదువుతాండా అయ్యోరా.”

“తలకిందులుగానా?”

“కాయితం తలకిందులుగా ఉండాది. నేను నిలువుగానే ఉండా.”

మిగిలిన ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేను వదల్లేదు. ఒకటో పుట పక్కన ఎనిమిదో పుట చదివితే ఏం అర్థమవుతుందని అడిగాను.

“ఒగటిలో పెండ్లి మాటలు అనుకుంటాండారు. ఎనిమిదిలో ఆయమ్మ గడపలో కూసోని ఏడుస్తాంది. నడాన ఏం జరిగింటాదో నేను అనుకుంటా. అనుకున్యాక తిరగేసి సూస్తా.”

“నువ్వు అనుకున్నట్టే ఉంటుందా?”

“ఉండదు. శానాసార్లు నేననుకున్యదే బాగుంటాది.”

తలకిందుల అచ్చును కాగితం తిప్పకుండా చదవడం సీసపు అక్షరాలు పేర్చే కంపోజిటర్లకు అలవాటే. అది వారి వృత్తి. చావడిలో కూర్చునే మనిషికి ఆ విద్య ఎవరు నేర్పారో తెలియదు. ఆమెకు మాత్రం నిటారు పుటకూ తలకిందుల పుటకూ తేడా లేదు.

ఆ దసరాకు ఆమెకు ఒక నవల కొని ఇచ్చాను. కుట్టి, అట్ట వేసి, అంచులు కోసిన మంచి ప్రతి. మడతలు లేకుండా, వరుసలో ఉన్న కథను ఒక్కసారైనా చదవాలని నా ఉద్దేశం. వారం తరువాత తిరిగి తెచ్చింది. అట్ట వేరుగా ఉంది. కుట్టు కోసి ఉంది. ఫారాలన్నీ విడదీసి, పురికొసతో కట్టి ఉన్నాయి. పుస్తకాన్ని చంపి శవాన్ని అప్పగించినట్టు నాకు కష్టంగా తోచింది.

“ఇదేమిటి?”

“ఇప్పుడు సదివినా అయ్యోరా. కుట్టింటే రాలేదు నాకు. ఒగటే దావ ఉంటాది దాంట్లో. వాళ్ళు పొమ్మన్య పక్కకే పోవాల. ఇప్పుడు సూడు, యాడినుంచైనా పోవచ్చు.”

ఆ పుస్తకాన్ని తిరిగి కుట్టించి నా పెట్టెలో పెట్టుకున్నాను. రెండు వారాలు ఆమెతో పని మాటలు తప్ప మాట్లాడలేదు. ఇది దినచర్యలో ఉంది కనుక రాస్తున్నాను. గర్వంగా రాయడం లేదు.

ఆమె కూర్చునే చోట, రేకు గోడ మీద, ముగ్గుపిండితో గీసిన చిన్న గీతలుండేవి. హాజరు గుర్తులనుకున్నాను. కాదు. ప్రతి నవలకూ ఒక నిలువు గీత; అందులో ఆడమనిషి చనిపోతే దాని మీద ఒక అడ్డగీత. పక్కన ఏ ఫారంలోనో ఆ సంఖ్య. మొత్తం పదకొండు నవలలు. ఎనిమిదింటికి అడ్డగీతలున్నాయి. ఎనిమిదీ చివరి మూడు ఫారాల్లోనే. ఆ లెక్క ఒకటికి రెండుసార్లు సరిచూశాను; సరిగానే ఉంది. ఆ నవలలన్నీ దిద్దినవాణ్ణి నేను. నాకు ఎన్నడూ తట్టలేదు.

“మొగోడు నడాన సస్తాడు అయ్యోరా, రోగంతోనో రొప్పుతోనో. కత ముందుకు పోతాది. ఆడది ఆఖర్న సస్తాది. ఆయమ్మ సస్తేగానీ ఇంట్లోవాండ్లకు బుద్ధి రాదంట. పదిహేడో ఫారం పట్టుకుంటే సాలు, నాకు సేతులు సల్లబడతాయి. ఇంగ పోతాది, ఇంగ పోతాది అని.”

మరొకనాడు ఇంకొక మాట అన్నది. ఇది నన్ను వదలని మాట.

“పేరు లేనోళ్ళు సావరు, సూడు. నీళ్ళు మోసేది, దిష్టి తీసేది, పక్కింటామె, ముసలవ్వ. వీండ్లకు పేరుండదు, సావుండదు. కత అయిపోయినంక గూడా యాడనో ఉంటారు. పేరు పెట్టినారంటే ఆయమ్మను దేనికో ఎత్తిపెట్టినారని.”

“పేరు లేకపోతే మనిషిని ఎట్లా గుర్తు పెట్టుకుంటారు?” అన్నాను.

“నీ ఇంట్లోవాళ్ళను నువ్వు పేరుతోనే గుర్తు పెట్టుకున్యావా?”

ఆమె మామూలుగా అడిగిందో, తెలిసి అడిగిందో చెప్పలేను. నా భార్య పోయి అప్పటికి ఆరేళ్ళు. కాపురం పద్నాలుగేళ్ళు. ఆ ఆదివారం ఉదయం గదిలో తలుపు వేసుకొని పద్నాలుగు సంపుటాల దినచర్యలనూ కిందికి దించాను. ‘ఇంట్లో జ్వరం.’ ‘ఇంట్లో పుట్టింటికి.’ ‘ఇంట్లోవారికి నేత చీర.’ ‘ఇంట్లో కొంచెం నయం.’ మా కాలపు మగవాళ్ళందరి లాగే నేను కూడా భార్యను ఇల్లు అన్న మాటతో రాసుకున్నాను. పేరు ఎక్కడైనా ఉందేమోనని పుట పుటా చూశాను. ఒక్కచోట ఉంది. పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, పక్కన వేళతో: ఉదయం ఆరు గంటల పది నిమిషాలు. ఆమె పోయిన రోజు.

సంపుటాలు మళ్ళీ పైకి సర్దేసరికి మధ్యాహ్నమైంది. భోజన హోటలుకు వెళ్ళలేదు. ఆ సంగతి చావడిలో ఎవరికీ చెప్పలేదు. ఆమెకు కూడా చెప్పలేదు.

మన్మథ నామ సంవత్సరం కార్తికంలో ఆ నవల వచ్చింది. ఇరవై ఫారాలు, నూట అరవై పుటలు, వెయ్యి ప్రతులు. రచయిత కోస్తా ప్రాంతంవారు, రాజధానితో పాటు కర్నూలు వచ్చిన ఉద్యోగి, సౌమ్యుడు. కథానాయికకు అందమైన పేరుంది. నాలుగో ఫారంలో, అంటే ఇరవైఐదు నుంచి ముప్ఫైరెండో పుట వరకు, ఆమె అత్తవారింటి వసారాలో పలక పట్టుకొని దొంగతనంగా అక్షరాలు దిద్దుకుంటుంది. పక్కన పనిపిల్ల ఒకతె కూర్చొని చూస్తూ ఉంటుంది. ముప్ఫైరెండో పుట చివర ఆ పనిపిల్ల, “ఇప్పుడే వస్తానక్కా” అని బిందె చంకనెత్తుకొని గడప దాటుతుంది. తరువాత కథ తన దారిన పోతుంది. పలక దొరుకుతుంది, నిందలు వస్తాయి, పద్దెనిమిదో ఫారంలో కథానాయిక బావిలో దూకుతుంది, ఇరవయ్యో ఫారంలో భర్త పశ్చాత్తాపపడతాడు.

ఆ కాగితాలు మడిచిన నాటినుంచి చావడిలో ఒకటే ప్రశ్న. “ఆ పిల్ల తిరిగొచ్చిందా అయ్యోరా?”

“ఏ పిల్ల?”

“నీళ్ళకు పోయిన పిల్ల. నాలుగులో పోయింది. ఐదులో లేదు, ఆరులో లేదు. ఎనిమిదిలో ఇంట్లో అందరూ బువ్వ తింటాండారు. ఆ పిల్ల ఏదని ఒగరూ అడగల్యా.”

నేను మూడు ప్రూఫులు చూసి నూట పన్నెండు తప్పులు దిద్దాను. పనిపిల్ల తిరిగి రాలేదన్నది వాటిలో లేదు. అది అచ్చుతప్పు కాదు గనుక నా పని కాదని సమాధానం చెప్పాను. ఆ సమాధానం నిజమే.

ప్రెస్సులో అది వేళాకోళమయింది. కంపోజిటరు సాయిబు ముసలివాడు. చావడి మీదుగా పోతూ ప్రతిరోజూ పలకరించేవాడు.

“ఏమమ్మా, వచ్చినాదా నీ పిల్ల?”

“ఇంగా రాలేదు సాయిబూ.”

“కర్నూలు బావికి పోయింటే వానాకాలం దాకా రాదులే. చేద అందొద్దూ?”

“నువ్వు అచ్చరాలు తొందరగా పేర్చింటే వచ్చిండేది. నీ చెయ్యి మందం.”

ఆమె నవ్వుతూనే అనేది. కాని ఆ నవ్వు అయిన వెంటనే ముఖం మళ్ళీ కాగితం మీదికి వంగేది. నిజంగా ఒక పిల్ల ఎండలో పోయి ఇంకా రాలేదని ఎదురుచూసే మనిషి ముఖం అది. ఆ ముఖం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

మార్గశిరంలో రచయిత అట్ట రంగు చూసుకోవడానికి వచ్చారు. నేను ఆయనను చావడికి తీసుకువెళ్ళి, కుట్టుకు సిద్ధమైన ఫారాలు చూపిస్తున్నాను. ఆమె లేచి నిలబడింది. ముగ్గుపిండి చేతులు కొంగుకు తుడుచుకుంది.

“అయ్యా, ఆ నీళ్ళకు పోయిన పిల్ల తిరిగొచ్చిందా?”

ఆయన నా ముఖం చూశారు. “ఏ పిల్లమ్మా?”

“ముప్ఫైరెండో పుట సివర్న బిందె ఎత్తుకోని పోయింది సామీ. నూటరవై పుటలు అయిపోయినా రాలేదు.”

ఆయన గుర్తు చేసుకొని హాయిగా నవ్వారు. “ఓహో, అదా! ఆ పిల్లతో మనకిక పని లేదమ్మా. కథానాయికను పలకతో ఒంటరిగా వదిలిపెట్టాలి కదా, అందుకని దాన్ని బయటికి పంపాను.”

“పంపినోడివి పిలవాల గదా.”

 రచయిత నవ్వు సగం మిగిలింది. “సరే, వచ్చిందనుకో.”

“నేననుకుంటే సాలదు సామీ. నువ్వు రాయాల.”

“అచ్చయిపోయింది కదమ్మా.”

“అవును, అచ్చయిపాయె,” అని ఆమె కూర్చుంది. తల ఎత్తకుండా ఇంకొకటి అడిగింది. “ఆ పెద్దామె బాయిలో పడాల్సిందేనా?”

“పడకపోతే కథ ముగియదమ్మా,” అన్నారాయన, ఈసారి మృదువుగా. నిజాయితీగానే అన్నారు. ప్రెస్సు గుమ్మం దగ్గర నాతో, మీ చావడిలో పెద్ద విమర్శకురాలున్నదండీ అని మెచ్చుకొని వెళ్ళిపోయారు.

కుట్టు పని ఎనిమిది రోజులు సాగింది. ప్రతి యాభై పుస్తకాలకు ఒకటి చొప్పున తీసి సరిచూడడం నా పద్ధతి. ఏడో రోజున తీసిన ప్రతిలో మూడు తరువాత ఐదు కనిపించింది. చేతి తప్పు అనుకున్నాను. చివర నాలుగో ఫారం చూసిన తరువాత అట్లా అనుకోవడానికి వీలు లేకపోయింది. పొరపాటున ఫారం ఎగిరిపోతుంది, లేదా రెండుసార్లు పడుతుంది. తనంత తాను నడిచివెళ్ళి చివర కూర్చోదు. చావడిలో మిగిలి ఉన్న రెండువందల పది ప్రతులూ తెరిచి చూశాను. ముప్ఫైఏడు అట్లా ఉన్నాయి. అన్నీ ఆమె కుట్టినవే. కొమ్ము దువ్వెన మడత నాకు తెలుసు. అప్పటికే మిగిలిన ప్రతులు మూటలుగా ఊళ్ళకు వెళ్ళిపోయాయి.

నేను ఆమెను పిలిచి, ఈ ముప్ఫైఏడూ సరిచేయమని చెప్పి ఊరుకోవచ్చును. ఎవరికీ తెలిసేది కాదు. నాలుగు వాక్యాల ఫిర్యాదు రాసి యజమానికి ఇచ్చాను. ‘ఫలానా ఆమె, ఉద్దేశపూర్వకంగా, నాలుగో ఫారమును స్థానభ్రంశము చేసినది’ అని. అందుకు రెండు కారణాలు. నా సంతకం మీద అచ్చయిన పుస్తకంలో తప్పు పోకూడదన్నది మొదటిది. అది ఆనాటి దినచర్యలో ఉంది. నాకు చెప్పకుండా చేసిందన్న కోపం రెండోది. అది దినచర్యలో లేదు.

యజమాని ఆమెను లోపలికి పిలిచారు. బల్ల మీద ఆయన ముందు నా కాగితం ఉంది. ఆమె బల్లకు ఇవతల నిలబడింది. నేను గోడ దగ్గర.

“ఎందుకు చేసినావమ్మా?”

“చింపలేదు సామీ. పారెయ్యలేదు. ఒగ అచ్చరం ముట్టుకోలేదు. వరస మార్చినా.”

“ఎన్నిటికి మార్చినావు?”

“లెక్క పెట్టలేదు. లెక్కలు అయ్యోరివి.”

“వెయ్యి పుస్తకాలు, పరువు గల మనిషి రాసింది! వరస మార్చేదానికి నువ్వెవరు?”

ఆమె చూపు యజమాని మీద లేదు. మెడ ఒక పక్కకు వంచి బల్ల మీదికి చూస్తోంది. ఏం చూస్తోందో నాకు అర్థమయ్యేసరికి ఆలస్యమైంది. యజమాని వైపు తిరిగి ఉన్న కాగితం ఆమెకు తలకిందులుగా ఉంది. ఆమెకు అది ఒక అడ్డంకి కాదు. నాలుగు వాక్యాలూ చదివింది. తల ఎత్తి నన్ను చూసింది.

“పేరు రాసినావు గదా అయ్యోరా,” అన్నది.

కోపం లేదు ఆ మాటలో. ఒక ఫారం మడిచి పక్కన పెట్టినట్టు అన్నది. యజమాని ఆ రోజుతో పని చాలించమన్నారు. చావడికి వెళ్ళి దువ్వెన ముక్కను కొంగున ముడి వేసుకుంది. రేకు గోడ మీద పన్నెండో గీత నిలువుగా ఉంది. దాని మీద అడ్డగీత లేదు.  నేను గుమ్మం దాకా వెళ్ళాను. పని లేకుండా అన్న ఇంట్లో ఆమె స్థానం ఏమవుతుందో ఊహించలేనివాణ్ణి కాదు. అయినా నా నోటినుంచి వచ్చిన మాట ఇదొక్కటే.

“యాడికి పోతావు?”

“నీళ్ళకు,” అని ఎండలోకి నడిచింది.

ముప్ఫైఏడు ప్రతులూ నేను దగ్గర కూర్చొని విప్పించి కుట్టించాను. రెండు నెలల తరువాత ఒక ఆదివారం హుంద్రి ఒడ్డుకు వెళ్ళి అన్నగారి ఇల్లు వెతికాను. ఆ ఇంట్లో వేరేవాళ్ళున్నారు. పక్కింటి ముసలామె చెప్పింది: “వాండ్లు ఆదోని పక్క మిల్లు పనికి పోయిరప్పా. ఆ పిల్ల వాండ్లతో పోయిందో లేదో. పొద్దున పోయింటే మేం లేవలేదు.” అంతకన్నా తెలియలేదు. ఆ ఏడాదే రాజధాని హైదరాబాదుకు వెళ్ళిపోయింది. ప్రెస్సులో పని తగ్గింది. నేను రాజంపేటకు తిరిగివచ్చాను. పేరు రాసినప్పుడు ఏం చేశానో మొదట్లో రోజూ తలచేవాణ్ణి, తరువాత వారానికొకసారి, తరువాత ఎంతకొకసారో లెక్క తప్పింది.

నిన్న పఠనమందిరంలో, నాలుగేళ్ళ తరువాత, ఆ నవలను ఆమె పెట్టిన వరుసలో మొదటిసారి చదివాను. మూడు గంటలు పట్టింది. భర్త పశ్చాత్తాపం నూట అరవయ్యో పుటలో ముగిసింది. పుట తిప్పితే ఇరవైఐదు. వసారాలో కథానాయిక కూర్చొని ఉంది. పలక మీద ఒక అక్షరం రాసి, చెరిపి, మళ్ళీ రాస్తోంది. పక్కన పిల్ల నవ్వుతోంది. ముప్ఫైరెండో పుట చివర ఆ పిల్ల, “ఇప్పుడే వస్తానక్కా” అని బిందె చంకనెత్తుకొని గడప దాటింది. తరువాత అట్ట.

ఆమె ఎందుకు చేసిందో యజమాని అడిగారు; నేను గోడ దగ్గర నిలబడి విన్నాను; ఆమె చెప్పలేదు. నిన్న అర్థమయింది. చనిపోయినామెను బతికించడం అందులో సగం కారణమే. పుస్తకం అక్కడ ముగిస్తే ఆ పిల్ల తప్పిపోయినట్టు కాదు. ఇప్పుడే వెళ్ళింది. ఇంకా దారిలోనే ఉంది. ఎవరూ మరిచిపోలేదు, రావలసిన వేళ ఇంకా కాలేదు, అంతే.

చివరి ఎనిమిది పుటల అంచులు మిగిలిన వాటికన్నా నల్లబడి ఉన్నాయి. ఎన్నో చేతులు తిప్పిన పుటలు అవి. పఠనమందిరం చూసే శెట్టిగారు తన దుకాణం పని మధ్యలో వచ్చి తాళం తీసి కూర్చుంటారు. నా చేతిలోని పుస్తకం చూసి దగ్గరికి వచ్చారు.

“ఆ పుస్తకం ఆడోళ్ళు శానా అడుగుతాండారు సామీ. ఈడికి రారు గదా, ఇంటికే పంపుతా. మా ఇంట్లో రెండు తూర్లు సదివింది.”

“ఏమంటారు?”

“బాయిలో పడినంక కత అయిపోయిందనుకున్యా, పుట తిప్పితే మళ్ళా కూసోనుండాది అంటుంది. అది ముందర జరిగింది గదే పిచ్చిదానా, తప్పు కుట్టినారు అని నేను. తప్పైతే ఏమిలే అంటుంది. ఆ నీళ్ళ పిల్ల వస్తాదిలే అని ఇంగ ఒగ మాట. దానికేం సంబంధమో నాకు తెలీదు.” కళ్ళజోడు సవరించుకున్నారు. “మీరు ప్రెస్సులో పనిజేసినోళ్ళు. ఇది బైండింగు తప్పే గదా? కడపకు పంపి సరిజేయించేదా?”

పుస్తకం ఆయన చేతికి ఇచ్చాను. “అక్కర్లేదు,” అన్నాను.

“ఎవురు సామీ కుట్టింది? మీకు తెల్సా?”

తెలుసన్నాను. ఆయన పేరు కోసం ఎదురుచూశారు. ఇంటిపేరుతో సహా నా నాలుక చివర ఉంది. ఎదురుగా బయట ఎండ, వీధి ఖాళీగా ఉంది. ఒంటిమిట్ట వైపు పోయే బండి ఒకటి మెల్లగా దాటిపోయింది. శెట్టిగారు మరొక క్షణం చూసి, పుస్తకాన్ని బీరువాలో దాని చోట పెట్టి తాళం వేశారు.

ఇంటికి వచ్చి దినచర్యలో ఇట్లా రాశాను: ‘బుధవారం. పఠనమందిరంలో ఒక నవల సరిచూడబడినది. ఫారములు ఇరవై. ఒక్కటియు తక్కువ లేదు.’